గాజు సీసా మీద రంగు ఎందుకు నిలవదు, నిలవాలంటే ఏం చేయాలి

ప్రశ్న ఇది: ఖాళీ అయిన గాజు సీసాలకు మామూలు అక్రిలిక్ రంగు వేస్తే ఆరిన రోజు బాగానే ఉంది. వారం తిరక్కుండానే తడిగుడ్డ తగిలి పొరలు పొరలుగా ఊడొచ్చింది. లేబుల్ బంక ఎంత రుద్దినా చేతికి అంటుతూనే ఉంది. బొమ్మల నాప్‌కిన్ అతికిస్తే ముడతలు పడింది. పైన వార్నిష్ వేస్తే సరిపోతుందా, లేక ఓవెన్‌లో పెట్టాలా?

వార్నిష్ వేసినా సరిపోదు. పొరలుగా ఊడిందంటే రంగు తనలో తాను గట్టిగానే ఉంది, గాజునే పట్టుకోలేదు. దాని మీద వార్నిష్ వేస్తే రెండూ కలిసి ఇంకాస్త మందమైన పొరగా ఊడొస్తాయి. లోపం పైన లేదు, అడుగున ఉంది.

రంగు ఊడిన తీరు చూస్తేనే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది. పెద్ద పొరగా ఊడితే గాజు శుభ్రంగా లేదు, లేదా ఆ రంగు గాజుకు పనికొచ్చేది కాదు. పొడిపొడిగా రాలితే రంగులో నీళ్ళు ఎక్కువ కలిపారు. వేస్తున్నప్పుడే అక్కడక్కడా గుండ్రటి ఖాళీలు ఏర్పడి రంగు పక్కకు జరిగిపోతే అక్కడ జిడ్డు గానీ వేలిముద్ర గానీ ఉంది. రోజులు గడిచినా వేలికి జిగటగా తగిలితే ఒక పొర ఆరకముందే ఇంకో పొర వేశారు, లేదా గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున వేశారు.

చెక్క, గోడ, గుడ్డ రంగును కొంత లోపలికి పీల్చుకుంటాయి. గాజు చుక్క కూడా పీల్చుకోదు. పైగా ఫ్యాక్టరీ సీసాలతో ఇంకో చిక్కు ఉంది. సీసాలు ఒకదానికొకటి రాసుకుని గీతలు పడకుండా, తయారీ చివర్లో వాటి బయటివైపు పాలిథిలిన్ మైనం లాంటి పలుచటి జారుడు పూత వేస్తారు. అది కంటికి కనిపించదు. కొత్తగా ఖాళీ అయిన సీసా మీద రంగు నీటి చుక్కలా ముడుచుకుపోవడానికి చాలాసార్లు అదే కారణం. ఒక్కసారి సబ్బునీళ్ళతో కడిగి తుడిచినంత మాత్రాన అది పోదు. రుద్దాలి.

ముందుగా లేబుల్ సంగతి. బంకలు రెండు రకాలు. రెండింటికీ ఒకే మందు వాడటం వల్లే చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాల్సి వస్తుంది. కాగితపు లేబుల్ కింద నీళ్ళకు కరిగే జిగురు ఉంటే, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి అరగంట నానబెడితే దానంతట అదే జారిపోతుంది. అరగంట తర్వాత కూడా కాగితం మాత్రమే వచ్చి బంక మిగిలిందంటే అది స్టిక్కర్ బంక. దానికి నీళ్ళు పనిచేయవు, వేడి, నూనె పనిచేస్తాయి. ఇక ప్లాస్టిక్ ఫిల్మ్ లేబుల్‌ను అసలు నానబెట్టనే కూడదు. పొడిగా ఉన్నప్పుడే హెయిర్ డ్రయర్‌తో ఒక నిమిషం వేడిచేసి, ఒక మూల గోరుతో లేపి, వెనక్కి మడిచినట్టుగా సీసాకు ఆనించి మెల్లగా లాగాలి. పైకి ఎత్తి లాగితే ఫిల్మ్ వస్తుంది గానీ బంక సీసాకే ఉండిపోతుంది.

మిగిలిన బంకకు వంటనూనె, వంటసోడా సమపాళ్ళలో, అంటే చెంచాకు చెంచా, ముద్దలా కలిపి పూయండి. 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి. నూనె బంకను మెత్తబరుస్తుంది, సోడా గరుకుగా ఉండి రుద్దడానికి పనికొస్తుంది. స్టీలు పీచు కాకుండా నైలాన్ స్క్రబ్బర్ వాడండి. అసిటోన్ ఇంకా త్వరగా పనిచేస్తుంది, గాజుకు హాని చేయదు. కాకపోతే ప్లాస్టిక్ మూతనూ, సీసా మీద అచ్చువేసిన రంగునూ కూడా కరిగిస్తుంది. తొందరగా మంట అంటుకునే ద్రవం కాబట్టి కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా వాడాలి. ఏది వాడినా నూనె జాడ మిగలకూడదు. బంక పోయిందన్న సంతోషంలో నూనె కడగడం మరిచిపోతే రంగు మళ్ళీ ఊడుతుంది.

వేడినీళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. మామూలు సీసా గాజు ఉష్ణోగ్రతలో దాదాపు 40 డిగ్రీల ఆకస్మిక తేడాను మాత్రమే నమ్మకంగా తట్టుకుంటుంది. చల్లటి సీసాలో మరిగే నీళ్ళు పోస్తే అడుగు ఊడిపోవచ్చు. గోరువెచ్చని నీళ్ళతో మొదలుపెట్టి, తర్వాత వేడి పెంచుకుంటూ పోండి. అంచు దగ్గర చిన్న పెచ్చు లేచినా, సన్నటి చీలిక కనిపించినా ఆ సీసాను పక్కన పెట్టేయండి. రంగు వేస్తే పగులు కనిపించదు, అంతే గానీ పోదు.

బంక పోయాక అసలు శుభ్రం మొదలవుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్, కొంచెం వంటసోడా వేసి సీసా బయటంతా నైలాన్ స్క్రబ్బర్‌తో రెండుసార్లు రుద్ది కడగండి. నీళ్ళు పోసినప్పుడు చుక్కలు చుక్కలుగా విడిపోకుండా ఒకే పలుచటి తెరలా జారితే గాజు శుభ్రమైనట్టు. ఎక్కడ నీళ్ళు చీలి పక్కకు తొలుగుతాయో అక్కడ ఇంకా జిడ్డు గానీ ఆ మైనపు పూత గానీ ఉంది. ఈ నీటి పరీక్ష చేయకుండా రంగు మూత తీయకండి. తర్వాత సీసాను పూర్తిగా ఆరనిచ్చి, దూది వదలని గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడవండి. 90 శాతం పైబడినది దొరికితే మంచిది. 70 శాతందైనా పనిచేస్తుంది, కాకపోతే అందులో నీళ్ళు ఎక్కువ కాబట్టి పది నిమిషాలు అదనంగా ఆరనివ్వాలి. గుడ్డ మురికైతే మార్చండి, లేదంటే ఒకచోటి జిడ్డును ఇంకోచోటికి పులిమినట్టవుతుంది. ఇక్కడి నుంచి సీసా బయటివైపు చేత్తో ముట్టుకోకూడదు. లోపలికి రెండు వేళ్ళు పెట్టి పట్టుకోండి, లేదా సన్నటి కర్రకు తలకిందులుగా తగిలించండి. చేతొడుగులు వేసుకుంటే మరీ మంచిది.

రంగు ఎంచుకునే ముందు ఈ సీసా రేపు ఏం పని చేయబోతోందో తేల్చుకోవాలి. పెన్నులు పెట్టుకోవడానికా, నీళ్ళు పోసి పూలు పెట్టడానికా, వంటింట్లో పొడి సరుకులకా, లోపల దీపం పెట్టడానికా? పొడిగా ఒకచోట కూర్చునే సీసాకు దాదాపు ఏ అలంకరణైనా సరిపోతుంది. తడి తగిలేదానికి చాలావరకు పనికిరావు. చూడముచ్చటైన వీడియోల్లో ఈ తేడా కనిపించదు, ఎందుకంటే రంగు ఆరిన మరునిమిషంలోనే అవి ముగిసిపోతాయి.

మీరు వాడిన మామూలు క్రాఫ్ట్ అక్రిలిక్ పొడిగా ఉండే సీసాకు మాత్రమే, అదీ అడుగున ప్రైమర్, అంటే రంగు పట్టుకునేందుకు ముందుగా వేసే పూత, వేస్తేనే పనికొస్తుంది. గెస్సో అనే తెల్లటి అడుగు పూత గానీ గాజుకు పట్టే ప్రైమర్ గానీ స్పంజితో పలుచగా రెండు పొరలు అద్ది, 24 గంటలు ఆరనిచ్చి, దాని మీద రంగు వేయండి. గాజు అగుపించకపోయినా ఫర్వాలేదు అనుకున్నప్పుడే ఈ దారి. కడిగి వాడాల్సిన సీసా అయితే గాజు కోసం చేసిన ఎనామెల్ అక్రిలిక్ కొనుక్కోవాలి. డబ్బా మీద గాజు, పింగాణీ అని స్పష్టంగా రాసి ఉంటుంది. కిటికీల రంగుటద్దాల్లా వెలుతురు లోపలికి రావాలంటే పారదర్శకంగా ఉండే గ్లాస్ పెయింట్ వేరే ఉంటుంది. అందులో థిన్నర్‌తో పలుచబడేవి, నీళ్ళతో పలుచబడి ఓవెన్‌లో కాల్చాల్సినవి అని రెండు రకాలు. ఈ రెంటినీ కలపకండి. కలిపితే పెరుగు విరిగినట్టు విరిగిపోతాయి.

ఎనామెల్ అక్రిలిక్ వేసేటప్పుడు నీళ్ళు కలపొద్దు. చిక్కగా అనిపిస్తే కుంచెను తడిపి పిండేసి వాడుకోండి, చాలు. పెద్ద భాగానికి కుంచె కంటే స్పంజి ముక్క మేలు. చిన్న పళ్ళెంలో రంగు పోసి, స్పంజి అద్ది, ముందు కాగితం మీద ఒకసారి తట్టి, తర్వాత సీసా మీద నిలువుగా తట్టుకుంటూ పోవాలి. రుద్దకూడదు. మొదటి పొర చారలు చారలుగా, చూడటానికి అసహ్యంగా ఉంటుంది. ఉండనివ్వండి. దాన్ని అప్పటికప్పుడు సరిచేద్దామని మళ్ళీ కుంచె పెడితే సగం ఆరిన రంగు కుంచెతో పాటు లేచొచ్చి గాజు బయటపడుతుంది. కనీసం గంట ఆగి రెండో పొర, ఇంకో గంట ఆగి మూడోది. తేమ ఎక్కువున్న రోజుల్లో ఈ వ్యవధి రెట్టింపు చేయండి. ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగు సీసాల మీద లేత రంగులు మాసిపోయినట్టు కనిపిస్తాయి కాబట్టి వాటికి ముందు ఒక తెల్ల పొర అవసరం.

రంగు వేయకూడని చోట్లు మూడు. ఒకటి, నోరు తగిలే సీసా అయితే అంచు నుంచి కిందికి 2 సెంటీమీటర్లు. రెండు, మూత మర. అక్కడ రంగు ఉంటే మూత తిప్పినప్పుడల్లా గీసుకుపోయి పెచ్చులు లోపల పడతాయి. మూడు, అడుగు. చివరి 5 మిల్లీమీటర్లు ఖాళీగా వదలండి. తడి గట్టు మీద సీసా పెట్టినప్పుడు నీళ్ళు రంగు పొర కిందికి పాకేది అక్కడి నుంచే. ఊడటం మొదలయ్యేదీ అక్కడే. మాస్కింగ్ టేపు వేసి హద్దు పెట్టుకుంటే, చివరి పొర కొంచెం తడిగా ఉండగానే టేపు తీయాలి. బాగా ఆరాక లాగితే అంచు పళ్ళు పళ్ళుగా చిరుగుతుంది.

లోపలి వైపు రంగు వేయడం చాలామంది సులువనుకుంటారు, బయట నున్నగా మెరుస్తుంది కదా అని. తినే వస్తువులు వేసే సీసాకు లోపల ఏ రంగూ వేయొద్దు. "విషరహితం" అని డబ్బా మీద ఉన్నా, దానర్థం ఆహారానికి తగలొచ్చని కాదు. పూలకోసమైనా లోపల నీళ్ళు పోస్తే రెండు మూడు రోజుల్లో రంగు బుడగలుగా లేస్తుంది. లోపల రంగు వేసిన సీసాలో పూలు పెట్టాలంటే అందులో పట్టే చిన్న గ్లాసు పెట్టి నీళ్ళు దానిలో పోయండి.

ఇక ఓవెన్. కాల్చాలా వద్దా అన్నది రంగు డబ్బాను బట్టే. మామూలు క్రాఫ్ట్ అక్రిలిక్‌ను కాల్చినా గాజు పట్టు పెద్దగా పెరగదు. ఎనామెల్ అక్రిలిక్‌కు కాల్చకపోతే 21 రోజులు గాలికి వదిలేయడం సాధారణంగా చెప్పే పద్ధతి. "ఆరడం", "గట్టిపడటం" వేర్వేరు. గంటలో ఆరేది నీరు మాత్రమే, రంగులోని రెసిన్ కణాలు ఒకదానితో ఒకటి పూర్తిగా కలిసిపోవడానికి వారాలు పడుతుంది. వేడి ఆ పనిని అరగంటలో చేస్తుంది. సాధారణంగా 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు. పెబియో వారి విట్రియా 160 రంగుకు పేరులోనే ఉంది, 160 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. డబ్బా మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

కాల్చే పద్ధతిలో ఒక్కటి తప్పినా సీసా పగలొచ్చు. రంగు వేసిన 24 గంటల తర్వాతే పెట్టాలి. లోపల తేమ ఉండగా పెడితే రంగు పొంగి బుడగలు వస్తాయి. మూత, రబ్బరు, తాడు, అతికించినవి అన్నీ తీసేయాలి. చల్లటి ఓవెన్‌లో పెట్టి అప్పుడు స్విచ్ వేయాలి. వేడెక్కిన ఓవెన్‌లో పెట్టకూడదు. సమయాన్ని స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, కావాల్సిన వేడికి చేరినప్పటి నుంచి లెక్కించాలి. పూర్తయ్యాక ఆపేసి, తలుపు తెరవకుండా చల్లారేదాకా లోపలే ఉంచాలి. సీసా కరుగుతుందన్న భయం అక్కర్లేదు, మామూలు గాజు మెత్తబడటం మొదలయ్యేది 500 డిగ్రీలు దాటాకే. ప్రమాదం వేడిలో లేదు, హఠాత్తుగా మారే వేడిలో ఉంది. తెలుపు, లేత రంగులు కొంచెం పసుపెక్కితే ఓవెన్ చూపించే అంకె కంటే అసలు వేడి ఎక్కువుందని అర్థం. తర్వాతిసారి పది డిగ్రీలు తగ్గించండి. మైక్రోవేవ్‌ తరంగాలతో ఈ పని కాదు. పైగా బంగారు, వెండి రంగుల్లో లోహపు పొడి ఉంటే నిప్పురవ్వలు వస్తాయి. కన్వెక్షన్ పద్ధతి (ఓవెన్‌లా వేడి గాలితో కాల్చేది) ఉన్న మైక్రోవేవ్ అయితే ఆ పద్ధతిలో మాత్రమే పెట్టొచ్చు.

స్ప్రే పెయింట్ త్వరగా అవుతుంది, నున్నగా వస్తుంది. చెడేది కూడా అంతే త్వరగా చెడుతుంది. డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపి, 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి, సీసా కంటే ముందే నొక్కడం మొదలుపెట్టి సీసా దాటాక ఆపాలి. సీసా మీదే మొదలెట్టి సీసా మీదే ఆపితే అక్కడ రంగు పోగై కారుతుంది. మొదటి పొర దుమ్ము చల్లినట్టు ఉంటే చాలు, గాజు కనిపిస్తూనే ఉండాలి. 10 నుంచి 15 నిమిషాల తేడాతో మూడు నాలుగు పలుచటి పొరలు. సీసాను పాత పళ్ళెం మీద బోర్లించి పళ్ళెం తిప్పుకుంటూ కొడితే చుట్టూ సమంగా పడుతుంది. వానరోజు కొడితే మెరుపు పోయి పాలు పోసినట్టు తెల్లబడుతుంది, ఆరుతున్న పొర మీద గాలిలోని తేమ చేరడం వల్ల. ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని కొట్టండి. ఆకులో అక్షరాలో ఖాళీగా రావాలంటే ముందు స్టిక్కర్ అతికించి, అంచులు గోటితో గట్టిగా ఒత్తి, అప్పుడు స్ప్రే చేయండి. మొదటి పొర పలుచగా ఉంటే అదే అంచును మూసేస్తుంది, తర్వాతి పొరలు కిందికి చొరబడవు.

పారదర్శకమైన గ్లాస్ పెయింట్‌తో బొమ్మ వేయాలంటే ముందు అవుట్‌లైనర్ ట్యూబుతో గీతలు గీయాలి. నమూనాను కాగితం మీద గీసి సీసా లోపల టేపుతో అతికిస్తే బయట నుంచి అనుసరించొచ్చు. ట్యూబు ముక్కును గాజుకు ఆనించి గీయకుండా, కాస్త పైకి లేపి దారంలా రాలనివ్వాలి. గీతలో ఎక్కడా సందు ఉండకూడదు, సూది మొనంత సందున్నా రంగు పక్క గదిలోకి పారుతుంది. గీత గట్టిపడేదాకా కొన్ని గంటలు ఆగండి. సీసా గుండ్రం కాబట్టి అసలు కష్టం రంగు నింపేటప్పుడే. తువ్వాలు మడిచి గాడిలా చేసి, అందులో సీసాను పడుకోబెట్టి, పైకి వచ్చిన భాగంలో మాత్రమే, రెండు మూడు వేళ్ళ వెడల్పున నింపండి. కదిపినా పారనంతగా బిగుసుకున్నాకే తిప్పి పక్క భాగం మొదలుపెట్టాలి. తొందరపడితే రంగంతా కిందివైపు గీత దగ్గర చేరి పైన పాలిపోతుంది. రంగు సీసాను ఊపకండి, మెల్లగా దొర్లించండి. ఊపితే వచ్చే గాలి బుడగలన్నీ బొమ్మలోకి వస్తాయి. వచ్చిన బుడగలను రంగు తడిగా ఉండగానే సూదితో పొడిచేయాలి. ఇలాంటి సీసాను రోజంతా ఎండ పడే కిటికీలో పెడితే రంగులు వెలిసిపోవడం సహజం.

పీవీఏ అనే తెల్లజిగురులో రంగు చుక్కలు కలిపి సీసా లోపల పోసి తిప్పే పద్ధతి చూడటానికి బాగుంటుంది. పీవీఏ జిగురు ఎండినా నీళ్ళు తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది, ఆహారపు రంగు అయితే కరిగే పోతుంది. అలమరలో పెట్టే ఖాళీ సీసాకు తప్ప ఇది దండగ.

ఇప్పుడు నాప్‌కిన్ ముడతలు. తడిసిన కాగితం సాగుతుంది, సాగినదానికి చోటు లేకపోతే ముడత పడుతుంది. పైగా సీసా నిలువునా తిన్నగా ఉన్నచోట కాగితం చక్కగా చుట్టుకుంటుంది. మెడ దగ్గర రెండువైపులా వంపు ఉంటుంది, అక్కడ ఏ కాగితమైనా ముడుచుకోవాల్సిందే. కాబట్టి బొమ్మను తిన్నటి భాగానికే పరిమితం చేయండి, భుజం దాటనివ్వకండి. నాప్‌కిన్‌లో రెండు మూడు పొరలుంటాయి. అచ్చు ఉన్న పై పొర ఒక్కటే విడదీసి వాడాలి. కింది పొర మిగిలితే తర్వాత గాలి చేరి బుడగ లేస్తుంది. కత్తెరతో కాకుండా, తడి కుంచెతో బొమ్మ చుట్టూ గీసి చేత్తో చింపితే అంచు నేపథ్యంలో కలిసిపోతుంది. ఒకే పెద్ద ముక్క కంటే నాలుగైదు చిన్న ముక్కలు ముడత పడకుండా కూర్చుంటాయి. నాప్‌కిన్ పలుచన కాబట్టి కింద తెల్లటి పూత లేకపోతే బొమ్మ కనిపించీ కనిపించనట్టు ఉంటుంది.

జిగురు పాళ్ళు: పీవీఏ మూడు వంతులు, నీళ్ళు ఒక వంతు. జిగురును గాజుకు పూసి తడి నాప్‌కిన్ పెడితే చిరుగుతుంది. దానికంటే జిగురు పూసి పూర్తిగా ఆరనిచ్చి, పొడి నాప్‌కిన్‌ను దాని మీద పరిచి, పైనుంచి పలుచటి జిగురును మధ్యలో మొదలుపెట్టి బయటికి కుంచెతో తోయడం నయం. కుంచె మెత్తగా, వెడల్పుగా ఉండాలి. ఒకే చోట రెండోసారి రాయకండి. అయినా ముడత లేస్తే దాని మీద పలుచటి ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి, కవరు మీదుగా వేలితో బయటికి నొక్కండి. మామూలు ప్రింటర్ మీద తీసిన బొమ్మలైతే సిరా జిగురు నీళ్ళకు పాకుతుంది. లేజర్ ప్రింట్ వాడండి, లేదా ముందు బొమ్మ మీద పారదర్శక స్ప్రే కొట్టి ఆరనివ్వండి. మందపాటి కాగితాన్ని మాత్రం ముందే నీళ్ళలో ఒక నిమిషం ముంచి, అదనపు నీరు అద్ది తీసేసి అతికించాలి. సాగాల్సినదంతా ముందే సాగిపోతుంది, ఆరేటప్పుడు బిగుసుకుంటుంది.

పైన నీటి ఆధారిత వార్నిష్ రెండు మూడు పొరలు, పొరకు పొరకు మధ్య నాలుగు గంటలు. మాడ్ పాడ్జ్ లాంటి డికూపాజ్ (ఇలా కాగితపు బొమ్మలు అతికించి పైన పూత వేసే పని) జిగురే పై పూతగా వాడితే పూర్తిగా గట్టిపడటానికి నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు సీసాలను ఒకదానికొకటి ఆనించి పెట్టకండి, అంటుకుపోతాయి. ఇంత చేసినా డికూపాజ్ సీసా తడిగుడ్డతో తుడవడానికే, నీళ్ళలో ముంచడానికి కాదు.

జనపనార తాడు చుట్టడం అన్నిటికంటే తేలిక, గీతలున్న సీసాకూ బంక మరక వదలని సీసాకూ మంచి ముసుగు. తాడు మధ్యలో చాలకపోతే అతుకు కనిపిస్తుంది కాబట్టి ముందే లెక్కేసుకోండి. చుట్టాల్సిన ఎత్తును తాడు మందంతో భాగిస్తే చుట్ల సంఖ్య, దాన్ని సీసా చుట్టుకొలతతో గుణిస్తే పొడవు. 8 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సీసా చుట్టుకొలత సుమారు 25 సెంటీమీటర్లు. 12 సెంటీమీటర్ల ఎత్తుకు 3 మిల్లీమీటర్ల తాడైతే 40 చుట్లు, అంటే 10 మీటర్లు. తాడు మందం వల్ల చుట్టు కాస్త పెరుగుతుంది, కాబట్టి 11 మీటర్లు కత్తిరించుకోండి.

గ్లూ గన్ జిగురు తాడును బాగా పట్టుకుంటుంది, గాజును అంతగా పట్టుకోదు. చల్లటి గాజు తగలగానే అది తడిపేలోపే గట్టిపడి, కొన్నాళ్ళకు తాడు మొత్తం తొడుగులా జారొస్తుంది. సీసాను హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేసి అతికిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మొదటి రెండు చుట్లకు, చివరి రెండింటికి నిండుగా, మధ్యలో ప్రతి నాలుగో చుట్టుకు చిన్న చుక్కలు చాలు. తాడును లాగి బిగించి చుట్టండి, జిగురు కంటే ఆ బిగువే ఎక్కువ నిలబెడుతుంది. ఎండ తగిలే చోట పెట్టేదానికైతే గ్లూ గన్ వద్దు, కాంటాక్ట్ జిగురు గానీ పారదర్శక సిలికాన్ గానీ వాడండి. లేసు, గుడ్డ పట్టీలకు చిక్కటి పీవీఏ సరిపోతుంది, లేత రంగు గుడ్డ మీద గ్లూ గన్ మరకలు కనిపిస్తాయి.

మంచు పట్టినట్టు కనిపించే గాజు కావాలంటే ఫ్రాస్ట్ స్ప్రే వాడండి. గాజును తినేసే ఎచింగ్ క్రీమ్‌లో ఫ్లోరైడ్ ఆమ్ల లవణాలుంటాయి. చర్మానికి తగిలితే వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపల మాత్రం కండ కాలుతుంది. రసాయనాలకు నిలిచే చేతొడుగులు, కళ్ళద్దాలు, ధారాళమైన గాలి లేకుండా దాన్ని తెరవకండి. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. ఫ్రాస్ట్ స్ప్రే గోటికి గీసుకుపోతుంది, క్రీమ్ వేసిన గుర్తు శాశ్వతం, ఫలితంలో అదొక్కటే తేడా. నీళ్ళలో ముంచి సిలికాన్ కార్బైడ్ గరుకు కాగితంతో, 220 నంబరుతో మొదలుపెట్టి 400తో ముగిస్తే కూడా గాజు మసకబారుతుంది. పొడిగా మాత్రం రుద్దకూడదు, గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

దీపం పెట్టే సీసా గురించి. బయట తాడు, కాగితం, లేసు, గ్లూ గన్ జిగురు ఏది ఉన్నా లోపల కొవ్వొత్తి వద్దు, బ్యాటరీ దీపాల తీగే పెట్టండి. బోసి గాజులోనైనా మూతి 7 సెంటీమీటర్ల కంటే ఇరుకైతే మంట గాలి ఆడక మసి పడుతుంది, అంచు విపరీతంగా వేడెక్కుతుంది. మైనం ఒక సెంటీమీటరు మిగిలినప్పుడే ఆర్పేయాలి. అడుగు గాజుకు మంట దగ్గరైతే పగిలేది అప్పుడే.

రేకు మూతల మీద రంగు గాజు కంటే బాగా నిలుస్తుంది. 320 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, తుడిచి, లోహపు ప్రైమర్ ఒక పొర, స్ప్రే రెండు పొరలు. లోపలి వైపు టేపుతో మూసేయండి. మూతకు వాసన వదలకపోతే అది రేకుది కాదు, లోపలున్న మెత్తటి వలయానిది. వంటసోడా ముద్ద పట్టించి ఒక రాత్రి ఉంచి, కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టండి. అప్పటికీ పోకపోతే ఆ మూతను ఆహారానికి వాడకండి. పిడి బిగించడానికి మూతకు రంధ్రం చేస్తే గాలి చొరబడుతుంది, అలాంటిది అలంకారానికే.

ఇప్పుడు మీ దగ్గరున్న ఊడిన సీసాల సంగతి. పైపైన సరిచేయకండి. వేడి సబ్బునీళ్ళలో గంట నానబెడితే మామూలు అక్రిలిక్ తొక్కలా వచ్చేస్తుంది, మిగిలిన చోట పాత ప్లాస్టిక్ కార్డుతో గీకండి. నీటి పరీక్ష చేసి, ఆల్కహాల్‌తో తుడిచి, సరైన రంగుతో ముందు ఒకే ఒక సీసా వేయండి. కాల్చి చల్లారాక, లేదా 21 రోజులయ్యాక, కనిపించని చోట గోటితో గీసి చూడండి. అక్కడే మాస్కింగ్ టేపు గట్టిగా అతికించి ఒక్క ఊపున లాగండి. టేపుకు రంగు అంటకపోతే మిగతా సీసాలు కూడా అలాగే చేయొచ్చు. అంటితే తప్పు దాదాపు ఎప్పుడూ శుభ్రం దగ్గరే ఉంటుంది, కొత్త రంగు కొనడానికి ముందు మళ్ళీ అక్కడి నుంచే వెతకండి. కాల్చిన సీసానైనా మెత్తటి స్పంజితో చేత్తోనే కడగండి, నీళ్ళ తొట్టిలో రాత్రంతా వదిలేయకండి.